మర్మాంగం దగ్గర బుడిపెలు కనిపిస్తే మగవాళ్లు ఏం చేయాలి? హైదరాబాద్‌లో ఎక్కడ చూపించుకోవాలి?

పురుషాంగం మీదో, వృషణాల సంచి మీదో, గజ్జల్లోనో కొత్తగా బుడిపెలు కనిపిస్తే మగవాళ్లలో చాలామంది రెండు పనులు చేస్తారు. రాత్రంతా ఫోన్‌లో ఫొటోలు వెతికి భయపడతారు. తెల్లారాక మెడికల్ షాపుకెళ్లి, పక్కన ఎవరూ లేకుండా చూసుకుని, "దురదకి ఏదైనా క్రీమ్ ఇవ్వన్నా" అని అడుగుతారు. దయచేసి ఈ రెండూ చేయకండి. మొదటిది నిద్ర చెడగొడుతుంది, రెండోది చర్మాన్ని చెడగొడుతుంది.

అక్కడి చర్మానికీ నూనె గ్రంథులుంటాయి, వెంట్రుకల కుదుళ్లుంటాయి, తామర పడుతుంది, గజ్జి వస్తుంది. సుఖవ్యాధులూ రావచ్చు. చాలామందికి కనిపించేవి అసలు జబ్బే కావు. కానీ ఏది ఏదో తేల్చాల్సింది రోజూ ఇలాంటివి చూసే స్కిన్ డాక్టర్. ఆ గది దాకా ఎలా వెళ్లాలో, లోపల ఏం చెప్పాలో ఒక్కొక్కటిగా రాస్తున్నాను.

ముందుగా: ఆగకూడని సందర్భాలు

వెనక్కి తీసిన ముందు చర్మం మళ్లీ ముందుకు రాకుండా ఇరుక్కుపోయి, తల భాగం వాచిపోతే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఒక పక్క వృషణం ఉన్నట్టుండి విపరీతంగా నొప్పెట్టినా అంతే. వృషణం మెలితిరిగి ఉంటే సుమారు 6 గంటల్లోపు ఆపరేషన్ జరిగితేనే దాన్ని కాపాడే అవకాశం బాగా ఉంటుంది. ఇక షుగర్ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి: అక్కడ చర్మం ఎర్రగా వాచి, వేగంగా పాకుతూ, నల్లబడుతూ, జ్వరం కూడా వస్తుంటే అర్ధరాత్రి అయినా బయల్దేరండి. 108కి ఫోన్ చేయండి. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో ఎమర్జెన్సీ రాత్రీ పగలూ నడుస్తుంది.

టైమ్‌తో ముడిపడినది ఇంకొకటి ఉంది. కండోమ్ లేకుండానో, అది చిరిగిపోయో, హెచ్‌ఐవీ సోకే అవకాశమున్న కలయిక జరిగి ఇంకా 72 గంటలు దాటకపోతే, బుడిపెల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి, హెచ్‌ఐవీ సోకకుండా ఆపే పెప్ మందుల గురించి అడగండి. 28 రోజులు వేసుకోవాల్సిన కోర్సు అది. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. 72 గంటలు దాటాక పనిచేయదు.

మొదటి పని: ఏమీ రాయకండి, గిల్లకండి

నేను అన్నిటికంటే ఎక్కువగా బతిమాలేది ఈ విషయంలోనే.

షాపులో డాక్టర్ చీటీ లేకుండా చేతికిచ్చే 'దురద క్రీముల్లో' చాలావాటిలో మూడు నాలుగు మందులు కలిసి ఉంటాయి: ఒక యాంటీఫంగల్, ఒక యాంటీబయాటిక్, వాటితో పాటు ఘాటైన స్టెరాయిడ్. ఆ స్టెరాయిడ్ వల్లే రెండు రోజుల్లో దురద మాయమైనట్టు అనిపిస్తుంది. నయమైందనుకుని ఆపేస్తారు. వారం తిరక్కుండా ముందుకంటే పెద్దగా వస్తుంది. మళ్లీ అదే ట్యూబ్. ఇలా నెలలు గడిచేసరికి తామర తన అసలు రూపం కోల్పోయి, అనుభవమున్న డాక్టర్‌ని కూడా తికమక పెట్టేలా మారిపోతుంది. గజ్జల్లో చర్మం పల్చబడి చారలు పడతాయి. తామర తగ్గినా ఆ చారలు పూర్తిగా పోవు. మర్మాంగం దగ్గర చర్మం పల్చన, పైగా ఎప్పుడూ కప్పి ఉంటుంది కాబట్టి మందు ఎక్కువగా లోపలికి పీల్చుకుంటుంది. అందుకే అరచేతికి పెద్దగా హాని చేయని క్రీమే ఇక్కడ నష్టం చేస్తుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి చాలా స్టెరాయిడ్ క్రీములను చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల్లో చేర్చింది. అయినా కౌంటర్ మీద అమ్మకం ఆగలేదు.

పులిపిరి అనుకుని సున్నం పెట్టడం, వెల్లుల్లి రుద్దడం, వెంట్రుకతో బిగించి కట్టడం ఇంకా ఉన్నాయి. చేతి మీద చేసినా మంచిది కాదు, అక్కడ చేస్తే కాలి పుండవుతుంది. డెట్టాల్ నేరుగా పోయడమూ అంతే. తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్తే అసలు వచ్చిందేమిటో, మీరు చేసుకున్న గాయమేమిటో విడదీయడం ఆయనకు కష్టమవుతుంది.

ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ బిళ్లలు కూడా వేసుకోవద్దు. సిఫిలిస్ లాంటి సుఖవ్యాధి సగం సగం మందుతో లోపలే దాక్కుంటుంది. పైగా కొన్ని బిళ్లల వల్లే అక్కడ మచ్చలు వస్తాయి. నొప్పి బిళ్లలు, విరేచనాలకు వేసుకునే కొన్ని కోర్సులు పడనివాళ్లకు పురుషాంగం తల భాగం మీద ఊదా నల్లటి మచ్చ, ఒక్కోసారి పొక్కు, పుండు వస్తుంది. అదే మందు మళ్లీ వేసుకుంటే మళ్లీ అదే చోట వస్తుంది. సుఖవ్యాధేమోనని నెలల తరబడి కుమిలిపోయిన మనిషికి చివరికి అది బిళ్ల పడకపోవడమని తేలడం స్కిన్ డాక్టర్లకు కొత్త కాదు.

ఇక "వేడి చేసింది, మజ్జిగ తాగితే పోతుంది" అనే మాట. మజ్జిగ తాగండి, హైదరాబాద్ ఎండలకు ఒంటికి మంచిదే. దాన్ని నమ్ముకుని డాక్టర్ దగ్గరికి వెళ్లడం మాత్రం వాయిదా వేయకండి.

రెండో పని: వెలుతురులో ఒకసారి సరిగ్గా చూసుకోండి

పగటి వెలుతురులో, చేతులు కడుక్కుని, ముందు చర్మం వెనక్కి తీసి, వృషణాల సంచి కింది వైపు, గజ్జల మడతలు కూడా చూడండి. అద్దం వాడండి. చూశాక ఈ ప్రశ్నలకు జవాబులు ఫోన్‌లో రాసి పెట్టుకోండి: మొదట ఎప్పుడు చూశారు? ఒకటా, గుంపుగా ఉన్నాయా, వరసగా ఉన్నాయా? నొప్పి ఉందా, దురద ఉందా, ఏమీ లేదా? పగిలి పుండయ్యాయా? పెరుగుతున్నాయా, వచ్చి పోతున్నాయా? ఈ మధ్య షేవ్ చేశారా, ట్రిమ్మర్ వాడారా, కొత్త మాత్ర ఏదైనా వేసుకున్నారా? చివరిసారి కలయిక ఎప్పుడు, కండోమ్ ఉందా లేదా? ఇంట్లోగానీ రూమ్‌లోగానీ ఇంకెవరికైనా దురద ఉందా?

నీటి పొక్కుల్లాంటివి మీరు అపాయింట్‌మెంట్ తీసుకునేలోగా మానిపోవచ్చు. అప్పుడు ఫొటో పనికొస్తుంది. ముఖం, గది కనపడకుండా తీసి మీ ఫోన్‌లోనే ఉంచండి. ఫొటోలు తమంతట తామే కుటుంబ కంప్యూటర్‌లోకో, గూగుల్ ఖాతాలోకో వెళ్తున్నాయేమో సెట్టింగ్స్‌లో చూసుకోండి. స్నేహితుల గ్రూపులో మాత్రం పెట్టకండి.

ఏమై ఉండవచ్చు?

డాక్టర్ చెప్పేది అర్థం కావడానికి, అనవసరమైన టెన్షన్ తగ్గడానికి ఇది చదవండి. దీన్ని పట్టుకుని మీరే మందు మొదలుపెట్టొద్దు.

తల భాగం అంచు చుట్టూ, ఒకటి రెండు వరసలుగా, అన్నీ ఒకే సైజులో, నున్నగా, చర్మం రంగులోనో కాస్త తెల్లగానో ఉండే 1–2 మిల్లీమీటర్ల బుడిపెలను పెర్లీ పెనైల్ పాప్యూల్స్ అంటారు. యవ్వనం వచ్చాక కనపడతాయి, వయసు పెరిగేకొద్దీ తగ్గుతాయి. జబ్బు కాదు, ఎవరి నుంచీ రాదు, ఎవరికీ అంటదు. మందూ అక్కర్లేదు. పెళ్లి కుదిరిన కుర్రాళ్లు భయంతో పరుగెత్తుకొచ్చేది చాలాసార్లు వీటికే. కాండం మీద, సంచి మీద, చర్మం లాగినప్పుడు బాగా తెలిసే పసుపు తెలుపు చుక్కలు ఫోర్డైస్ స్పాట్స్. అవి నూనె గ్రంథులే. పెదవుల మీద కూడా కొందరికి ఉంటాయి. వీటికీ చికిత్స అవసరం లేదు.

వయసు పైబడినవాళ్లకు వృషణాల సంచి మీద ఎర్రటి, ఊదా రంగు చుక్కలు వస్తుంటాయి. అవి ఉబ్బిన చిన్న రక్తనాళాలు. గోకితే రక్తం కారి భయపెడతాయి గానీ ప్రమాదం కాదు. అదే సంచిలో చర్మం కింద గట్టిగా, తెల్లగా, శనగ గింజంత గడ్డలు ఉంటే సాధారణంగా సిస్టులు. గిల్లితే చీము పడుతుంది. షేవింగ్ తర్వాత వచ్చే ఎర్రటి, చీము తల ఉన్న పొక్కులు వెంట్రుకల కుదుళ్లవి. కొన్నాళ్లు బ్లేడు మానేస్తే చాలావరకు తగ్గుతాయి.

ఇప్పుడు అంటుకునేవి. మధ్యలో చిన్న గుంట ఉన్న నున్నటి గుండ్రటి బుడిపెలైతే మొలస్కమ్ అనే వైరస్ కావచ్చు. పెద్దవాళ్లలో ఇది ఎక్కువగా కలయిక వల్ల, కొన్నిసార్లు ఒకే టవల్ వాడటం వల్ల వస్తుంది. గరుకుగా, కాలీఫ్లవర్ పువ్వులా పెరిగేవి పులిపిర్లు. కారణం హెచ్‌పీవీ వైరస్, ఎక్కువగా అందులోని 6, 11 రకాలు. ఈ వైరస్ సోకిన కొన్ని వారాలకో, నెలలకో, ఒక్కోసారి ఏడాది దాటాకో బయటపడుతుంది. అందువల్ల ఎవరి నుంచి, ఎప్పుడు వచ్చిందో ఖాయంగా చెప్పలేం. దంపతుల మధ్య ఇది పెద్ద గొడవలకు దారి తీస్తుంది కాబట్టే గట్టిగా చెబుతున్నాను: ఇప్పుడు పులిపిరి కనపడినంత మాత్రాన ఇప్పుడు ఎవరో మోసం చేశారని అర్థం కాదు.

గుంపుగా నీటి పొక్కులు వచ్చి, మంటతో పగిలి, మానిపోయి, కొన్నాళ్లకు మళ్లీ అక్కడే వస్తుంటే హెర్పిస్ అనే వైరస్ జబ్బును అనుమానించాలి. మొదలైన తొలి రోజుల్లోనే మందు పడితే బాగా పనిచేస్తుంది.

నన్ను ఎక్కువ భయపెట్టేది మాత్రం నొప్పి లేని పుండు. నొప్పి లేదు కదా అని వదిలేస్తారు. సిఫిలిస్ మొదటి పుండు సరిగ్గా అలాగే ఉంటుంది: ఒకటే, అంచులు గట్టిగా, నొప్పి లేకుండా, కలయిక తర్వాత 10 నుంచి 90 రోజుల మధ్య వస్తుంది. కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది కూడా. పుండు మానిందంటే జబ్బు పోయిందని కాదు, రక్తంలో ఉండిపోయి తర్వాత ఒళ్లంతా, చివరికి గుండె, నరాల దాకా వెళ్లగలదు. మొదట్లోనే పట్టుకుంటే పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమైపోతుంది.

దురద విషయానికొస్తే హైదరాబాద్‌లో బతికే తీరే కొంత కారణం. అమీర్‌పేట, ఎస్సార్ నగర్ హాస్టళ్లలో గదికి నలుగురు ఉంటారు. టవళ్లు మారిపోతాయి. డ్రాయర్లు ఎండ తగలని గదిలోనే ఫ్యాను కింద తడితడిగా ఆరతాయి. డెలివరీ చేసే కుర్రాళ్లు పొద్దస్తమానం బిగుతు జీన్స్‌తో బండి మీదే. తామరకు, గజ్జికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు. రాత్రిపూట విపరీతమైన దురద, వేళ్ల సందుల్లో, బొడ్డు చుట్టూ, పురుషాంగం మీద కూడా బుడిపెలు ఉంటే గజ్జి కావచ్చు. గదిలో అందరూ ఒకేసారి మందు వాడకపోతే అది ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. తల భాగం ఎర్రబడి, తెల్లటి పూత వచ్చి, ముందు చర్మం చిట్లుతూ బిగుసుకుపోతుంటే షుగర్ పరీక్ష చేయించుకోండి. షుగర్ ఉందని కొందరికి మొదట తెలిసేది ఇలాగే.

40 దాటాక గట్టి గడ్డ, మానని పుండు, రక్తం కారడం, చెడు వాసన, ముందు చర్మం కింద ఏదో పెరుగుతున్నట్టు అనిపించడం: వీటిలో ఏదున్నా అదే వారం చూపించుకోండి. పురుషాంగ క్యాన్సర్ అరుదే. మొదట్లో పట్టుకుంటే నయమయ్యే అవకాశమూ ఎక్కువే. సిగ్గుతో ఆలస్యం చేసినవాళ్లే ఎక్కువ కోల్పోతారు.

మూడో పని: ఎవరి దగ్గరికి వెళ్లాలి?

చర్మ వ్యాధులు, సుఖవ్యాధులు, కుష్ఠు ఈ మూడూ కలిపి చదివిన డాక్టర్ కావాలి. బోర్డు మీద ఎండీ డీవీఎల్, లేదా డీడీవీఎల్, డీవీడీ అని ఉంటుంది. యూరాలజిస్ట్ (మూత్ర సంబంధ జబ్బుల డాక్టర్) అవసరమైతే ఈ స్కిన్ డాక్టరే అక్కడికి పంపుతారు.

ప్రభుత్వంలో అయితే అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా, ముషీరాబాద్ దగ్గరి గాంధీ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది. గాంధీ ఆసుపత్రి పేరుతోనే గ్రీన్ లైన్‌లో మెట్రో స్టేషన్ ఉంది. ఉస్మానియాకు అదే లైన్‌లో ఎంజీబీఎస్‌లో దిగితే దగ్గర. ఓపీ ఉదయం పూట ఉంటుంది కాబట్టి పెందలాడే వెళ్లండి. చీటీ రాసే కౌంటర్‌లో "స్కిన్" అంటే చాలు, అక్కడ వివరాలు చెప్పనక్కర్లేదు. సుఖవ్యాధి అనుమానం ఉంటే సురక్ష క్లినిక్ ఎక్కడని అడగండి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం కింద నడిచే ఈ క్లినిక్‌లలో సలహా, పరీక్ష, మందులు ఉచితం. హెచ్‌ఐవీ పరీక్షకు ఐసీటీసీ కేంద్రాలున్నాయి, అక్కడా ఉచితమే. ఏది దగ్గరో తెలియకపోతే 1097కు ఫోన్ చేయండి, కాల్‌కు డబ్బు పడదు. అంత దూరం వెళ్లే తీరిక లేకపోతే ముందు మీ బస్తీ దవాఖానాలో చూపించుకుని పెద్దాసుపత్రికి రాయించుకోవచ్చు. ప్రైవేటులో స్కిన్ డాక్టర్ ఫీజు చాలా చోట్ల 500 నుంచి 1000 రూపాయల మధ్య ఉంటుంది.

ఫ్లైఓవర్ స్తంభాల మీద, బస్టాపుల్లో 'గుప్త రోగాలకు గ్యారంటీ వైద్యం' అని అంటించే నంబర్లకు ఫోన్ చేయకండి. ఇలాంటి జబ్బులకు మందు ఉందని ప్రకటనలివ్వడాన్నే 1954 నాటి చట్టం నిషేధించింది. నిజమైన డాక్టర్ గ్యారంటీ ఇవ్వరు, వేల రూపాయల ప్యాకేజీ ముందే కట్టమనరు, చీటీ రాయకుండా పొట్లాలు ఇవ్వరు. చీటీ మీద మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. తెలంగాణ మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఆ పేరు వెతికి చూసుకోవచ్చు.

నాలుగో పని: గదిలోకి వెళ్లాక

వెళ్లే ముందు షేవ్ చేయకండి. మామూలుగా స్నానం చేసి వెళ్లండి. ఇప్పటికే ఏదైనా రాసి ఉంటే ఆ ట్యూబ్ పట్టుకెళ్లండి, దాచకండి.

మాట మొదలుపెట్టడమే కష్టం. ఇలా అనండి: "డాక్టర్ గారూ, మర్మాంగం దగ్గర బుడిపెలు వచ్చాయి. రెండు వారాలైంది. నొప్పి లేదు, దురద లేదు. ఒకసారి చూడండి." అంతే. మిగతావి ఆయనే అడుగుతారు. మీకు వచ్చింది ఆ గదిలో ఎవరికీ వింత కాదు. లేడీ డాక్టర్ ఉంటే, మీకు అభ్యంతరం లేకపోతే చూపించుకోండి, వాళ్లకూ ఇది రోజూ ఉండే పనే. ఇబ్బందిగా ఉంటే "మేల్ డాక్టర్ ఉన్నారా మేడమ్?" అని అడగడంలో తప్పు లేదు. బోధనాసుపత్రిలో చుట్టూ స్టూడెంట్లు నిలబడితే "కాస్త ఒంటరిగా చూస్తారా సార్?" అని అడగండి. అది మీ హక్కు. అమ్మానాన్నలో, అన్నయ్యో, భార్యో వెంట ఉంటే పరీక్షప్పుడు కాసేపు బయట ఉండమని డాక్టర్ చేతే చెప్పించుకోవచ్చు.

కలయిక గురించి అడుగుతారు: ఎవరితో, ఎప్పుడు, కండోమ్ ఉందా, మగవాళ్లతోనా ఆడవాళ్లతోనా, నోటి ద్వారానా. నిజం చెప్పండి. ఏ పరీక్ష రాయాలో తేలేది ఆ జవాబుల మీదే. 'లేదు సార్' అని అబద్ధమాడితే రాయాల్సిన పరీక్ష రాయకుండా పోతుంది. హెచ్‌ఐవీ పరీక్ష మీ అనుమతి లేకుండా చేయకూడదని, ఫలితం గోప్యంగా ఉంచాలని 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం చెబుతోంది.

చాలాసార్లు కంటితో చూసి, డెర్మోస్కోప్ అనే భూతద్దం లాంటి పరికరం పెట్టి తేల్చేస్తారు. గజ్జల్లో బిళ్లలు కట్టాయేమో నొక్కి చూస్తారు. అవసరమైతే రక్తంలో సిఫిలిస్‌ను తేల్చే వీడీఆర్‌ఎల్, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, షుగర్ పరీక్షలు రాస్తారు. అనుమానం తీరకపోతే ఆ చోట మత్తిచ్చి చర్మంలోంచి చిన్న ముక్క తీసి ల్యాబ్‌కు పంపుతారు.

బయటికి వచ్చే ముందు ఇవి అడగండి: "దీని పేరేంటి, చీటీ మీద రాస్తారా? ఇది అంటుకుంటుందా? ఎన్నాళ్లు కలయిక మానాలి? మా ఆవిడకు కూడా చూపించాలా? మళ్లీ ఎప్పుడు రావాలి?"

ఐదో పని: రిపోర్టు వచ్చాక

నెగెటివ్ వచ్చినా తేదీ చూసుకోండి. కలయిక జరిగిన వారానికే చేయించుకున్న పరీక్షలో ఏమీ తేలకపోవచ్చు. సిఫిలిస్‌కు, ఐసీటీసీలో చేసే హెచ్‌ఐవీ పరీక్షకు 3 నెలలప్పుడు మరోసారి చేయించుకోవాలి. ఏమిటో తేలేదాకా కలయిక మానండి. కండోమ్ రక్షణ ఇస్తుంది గానీ అది కప్పని చర్మం నుంచి పులిపిర్లు, హెర్పిస్, మొలస్కమ్ అంటుకోవచ్చు.

అంటుకునే జబ్బని తేలితే భార్యకో, భాగస్వామికో చెప్పాలి. ఇది తప్పించుకోలేని మాట. ఎలా చెప్పాలో తెలియకపోతే ఇద్దరూ కలిసి వెళ్లండి, సురక్ష క్లినిక్‌లో కౌన్సిలర్ ఉంటారు, మాట ఆయనో ఆమెనో మొదలుపెడతారు. మీరొక్కరే మందు వాడితే సిఫిలిస్ లాంటివి ఆమె నుంచి మళ్లీ మీకే వస్తాయి. ఆమె గర్భిణి అయితే బిడ్డకూ ప్రమాదం, కాబట్టి ఆ రోజే తీసుకెళ్లండి. మీకు పులిపిర్లు ఉంటే ఆమె గైనకాలజిస్ట్ దగ్గర గర్భాశయ ముఖద్వార పరీక్ష గురించి అడగడం మంచిది. పులిపిర్లు కలిగించే రకాలు వేరు, క్యాన్సర్ కలిగించే రకాలు వేరు. కానీ ఆడవాళ్లకు ఆ పరీక్ష ఎలాగూ అవసరమే. హెచ్‌పీవీ టీకా అబ్బాయిలకు కూడా ఉంది. ఉన్న పులిపిరిని అది తగ్గించదు, ఇంకా సోకని రకాల నుంచి కాపాడుతుంది. వేయించుకోవాలా వద్దా అన్నది మీ వయసును బట్టి డాక్టర్ చెబుతారు.

పులిపిర్లను ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం, కాల్చడం, పూత మందు రాయడం లాంటి పద్ధతుల్లో తీసేస్తారు. కొన్నాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం ఉంది. అలా వస్తే డాక్టర్‌ని మార్చేయకుండా, అదే చీటీ పట్టుకుని అక్కడికే వెళ్లండి. తామరైతే దురద పోయినా చెప్పినన్ని వారాలూ మందు వాడండి, డ్రాయర్లు ఎండలో ఆరేయండి, టవల్ ఎవరికీ ఇవ్వకండి.

"ఇది మామూలే, ఏం లేదు" అని డాక్టర్ చెబితే నమ్మండి. రోజూ అద్దం ముందు నిలబడి లెక్కపెట్టుకోవడం మానేయండి. లేజర్‌తో తీసేస్తామని ఎవరైనా ఆశ పెడితే, తీయకపోతే నష్టమేమిటో ముందు అడగండి. రంగు మారినా, పుండైనా, పెరిగినా, రక్తం వచ్చినా మళ్లీ వెళ్లండి.